ఆలస్యానికి ఒక హద్దు: కంప్యూటర్ నెట్‌వర్కులలో గరిష్ఠ జాప్యాన్ని లెక్కగట్టిన కథ

‘ఆలస్యం అమృతం విషం’ అన్నారు పెద్దలు. అయితే ఎంత ఆలస్యమైతే అమృతం విషమవుతుందో మాత్రం వారు చెప్పలేదు. ఆ ‘ఎంత’ అన్న ప్రశ్నకు గత శతాబ్దంలో ఇంజనీర్లు, గణిత శాస్త్రజ్ఞులు జవాబు వెదికిన తీరే ఈ వ్యాస విషయం. శీర్షిక చూసి ఇదేదో కంప్యూటర్లు చదివిన మనవలకు సంబంధించినదని పేజీ తిప్పవద్దని మనవి. ఇందులో ఉన్నది క్యూల లెక్క. క్యూలలో నిలబడిన అనుభవం మన సభ్యుల కంటే ఎక్కువ ఎవరికుంటుంది!

ఆఫీసుకు వచ్చిన మనిషి రెండు రకాలుగా అడగవచ్చు. ‘మామూలుగా ఈ పనికి ఎన్నాళ్లు పడుతుందండీ?’ అన్నది మొదటిది. ‘ఎట్టి పరిస్థితిలోనూ ఎన్నాళ్లు దాటదు?’ అన్నది రెండవది. మొదటిదానికి జవాబు సగటు, రెండవదానికి జవాబు హామీ. పైకి ఒకేలా కనిపించే ఈ రెండు ప్రశ్నలకు మధ్య చాలా దూరం ఉన్నది. సందేశాల రవాణాలో మొదటి ప్రశ్నకు 1909 నుంచి శాస్త్రీయమైన జవాబులు వస్తూనే ఉన్నాయి. రెండవదానికి గట్టి పునాది పడింది మాత్రం 1991లోనే.

సగటుల యుగం

టెలిఫోన్ శాఖలో పనిచేసిన మిత్రులకు ‘ఎర్లాంగ్’ అన్న కొలమానం కొత్త కాదు. అది ఒక మనిషి పేరు. 1878లో డెన్మార్కులో పుట్టిన ఏ.కె. ఎర్లాంగ్ 1908లో కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో చేరారు. ఊరిలో ఇంతమంది చందాదారులుంటే ఎక్స్‌ఛేంజీలో ఎన్ని లైన్లు పెట్టాలి? తక్కువ పెడితే జనం తిడతారు, ఎక్కువ పెడితే కంపెనీ మునుగుతుంది. కాల్స్ ఎవరికి వారు, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా చేస్తారు కాబట్టి వాటి రాకకు సంభావ్యతా సూత్రాలు వర్తిస్తాయని 1909లో ఎర్లాంగ్ చూపించారు. 1917లో ఆయన ప్రకటించిన సూత్రాల ఆధారంగా ప్రపంచంలోని ఎక్స్‌ఛేంజీలను దశాబ్దాల పాటు నిర్మించారు. 1946లో టెలిఫోన్ రద్దీ కొలమానానికి అంతర్జాతీయంగా ఆయన పేరే పెట్టారు.

అయితే ఎర్లాంగ్ లెక్క చెప్పేది ‘నూటికి ఇన్ని కాల్స్‌కు లైను దొరకదు’ అన్న మాట. ఫలానా వారి ఫలానా కాల్‌కు దొరికి తీరుతుందని అది చెప్పదు. మన దేశంలో ట్రంక్ కాల్స్ బుక్ చేసుకునే రోజులను తలచుకోండి. ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని మూడు తరగతులుండేవి. ఎక్కువ డబ్బు కట్టినవారికి ముందు వరుస. కానీ లైట్నింగ్ కాల్ ముందు ఇంకో నాలుగు లైట్నింగ్ కాల్స్ ఉంటే? ప్రాధాన్యం ఇస్తే ఒకరి కంటే ఒకరు ముందు వెళతారు, అంతే. ఎప్పటిలోగా వెళతారన్న హామీ అందులో లేదు. ఈ తేడాను గుర్తుంచుకుంటే తరువాతి కథ తేలికగా అర్థమవుతుంది.

1960లలో కొత్త ఆలోచన పుట్టింది. కాల్ నడిచినంతసేపు లైనును ఒకరికే అంకితం చేయడం ఎందుకు? సమాచారాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క మీద చిరునామా రాసి, అందరి ముక్కలనూ ఒకే తీగ మీద వరుసగా పంపవచ్చు గదా! అమెరికాలో పాల్ బారన్, ఇంగ్లండులో డొనాల్డ్ డేవిస్ విడివిడిగా ఈ నిర్ణయానికి వచ్చారు. ఆ ముక్కలకు ‘ప్యాకెట్’ అని పేరు పెట్టింది డేవిస్. 1969 అక్టోబర్ 29న అమెరికాలో ఆర్పానెట్ మీద మొదటి సందేశం వెళ్లింది.

ఈ పద్ధతి మన పోస్టాఫీసు పద్ధతే. ప్రతి కూడలిలోనూ ఉత్తరాలు దిగుతాయి, వాటిని వేరుచేస్తారు, తరువాతి బండి ఎక్కిస్తారు. బండి నిండిపోతే ఉత్తరం ఆగుతుంది. అలాగే ప్యాకెట్లు కూడా ప్రతి కూడలిలో క్యూ కడతాయి. ఆ క్యూలలో సగటు నిరీక్షణను లెక్కగట్టే పద్ధతిని లెనార్డ్ క్లైన్‌రాక్ తన పరిశోధనలోనూ, 1964లో వచ్చిన పుస్తకంలోనూ ఇచ్చారు. అప్పటి అవసరానికి సగటు సరిపోయింది. ఉత్తరం అరసెకను ఆలస్యమైతే కొంప మునిగేదేమీ లేదు.

1986: నానూరు గజాల దూరం, నత్త నడక

1986 అక్టోబరులో ఒక విచిత్రం జరిగింది. కాలిఫోర్నియాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ, బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య దూరం నానూరు గజాలే. వాటి మధ్య సెకనుకు 32 వేల బిట్లు నడిచే మార్గంలో ఉన్నట్టుండి 40 బిట్లు మాత్రమే నడవసాగాయి. తీగ తెగలేదు, యంత్రం చెడలేదు. ప్యాకెట్లు క్యూలలో చిక్కుకుంటే, పంపినవారు అవి పోయాయనుకుని మళ్లీ పంపారు. అవి క్యూలను ఇంకా పెంచాయి. వాన్ జేకబ్‌సన్ దీనికి కనిపెట్టిన చికిత్స 1988లో వెలువడింది. రద్దీ కనబడితే పంపేవారే వెనక్కు తగ్గాలన్నది దాని సారాంశం. ఇంటర్నెట్టును కాపాడింది అదే. అయినా అది మర్యాద సూత్రమే గాని హామీ సూత్రం కాదు.

ఎర్లాంగ్ ఊహ కూడా ఈ కొత్త లోకంలో తడబడింది. అమెరికాలోని బెల్‌కోర్ పరిశోధనశాలలో కొన్నేళ్లపాటు ప్యాకెట్ల రాకపోకలను నమోదు చేసి, ఫలితాలను 1993, 1994లలో ప్రకటించారు. టెలిఫోన్ కాల్స్‌లాగా అవి ఎక్కువసేపు కూడితే చదునుబడవనీ, సెకనుల్లో చూసినా గంటల్లో చూసినా గుంపులు గుంపులుగానే వస్తాయనీ తేలింది. అంటే సగటు మీద కట్టిన అంచనా అసలు పరిస్థితి కంటే చాలా మెరుగైన చిత్రాన్ని చూపించవచ్చునన్నమాట.

మరి దారేది? ఒక దారిని 1986లోనే అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో జొనాథన్ టర్నర్ సూచించి ఉన్నారు. దాని పేరు ‘కారే బకెట్’. అడుగున చిల్లు ఉన్న బకెట్లో నీళ్లు ఒక్కుమ్మడిగా పోసినా కిందికి సన్నని ధారే వస్తుంది. బకెట్ నిండాక పోసినవి పొర్లిపోతాయి. చెరువూ తూమూ తెలిసిన మనకు దీన్ని వేరే వివరించనక్కరలేదు. వాన ఒక్క రాత్రిలో కురవవచ్చు, కాలువలోకి వదిలేది మాత్రం తూము కొలతకు లోబడే.

ఈ ఆలోచనతో పంపేవారి మీద రెండు షరతులు పెట్టవచ్చు. ఒకటి, ఒక్కసారిగా తెచ్చే గుంపు ఇంతకు మించరాదు. రెండు, ఆ తరువాత వచ్చే రేటు ఇంతకు మించరాదు. ఈ రెండు అంకెలకు లోబడినదాన్నే క్రమబద్ధమైన రద్దీ అంటారు.

క్రూజ్ లెక్క

ఈ రెండు అంకెలు తెలిస్తే గరిష్ఠ ఆలస్యం ఎంతో కచ్చితంగా చెప్పవచ్చునని నిరూపించినవారు రెనె క్రూజ్. అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి, తరువాత కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియేగో శాఖలో ఆచార్యులయ్యారు. 1991 జనవరిలో రెండు భాగాలుగా వెలువడిన ఆయన వ్యాసం పేరుకు ‘నెట్‌వర్కు జాప్యానికి ఒక కలన గణితం’ అని అర్థం. మొదటి భాగంలో ఒక్కొక్క పరికరాన్ని విడిగా పరిశీలించారు. రెండవ భాగంలో వాటిని కలిపి నెట్‌వర్కుగా చూశారు.

ఆయన లెక్కను పెన్షన్ కౌంటరుకు అన్వయించి చూద్దాం. తలుపు తెరిచేసరికి 40 మంది ఉన్నారనుకోండి. ఆ తరువాత నిమిషానికి ఒకరి కంటే ఎక్కువ రారు. కౌంటరులో నిమిషానికి ఇద్దరి పని పూర్తవుతుంది. సగటు చూస్తే కౌంటరు సామర్థ్యంలో సగమే వాడుకలో ఉన్నది, చింత లేదనిపిస్తుంది. కానీ నలభయ్యవ మనిషి 20 నిమిషాలు నిలబడాలి. పది నిమిషాల తరువాత వచ్చినవారి సంగతి చూడండి. అప్పటికి వచ్చినవారు 50 మంది, పని ముగించుకున్నవారు 20 మంది, మిగిలినవారు 30 మంది. కనుక వారికి 15 నిమిషాలు. ఆ తరువాత వచ్చినవారికి ఇంకా తక్కువ. అంటే ఎవరు ఎప్పుడు వచ్చినా 20 నిమిషాలు దాటదు. ఇది సగటు కాదు, హామీ. గుంపును కౌంటరు వేగంతో భాగిస్తే చాలు.

ఇక్కడ మన సభ్యులు ఒక మాట అడుగుతారని తెలుసు. వరుస పాటించకపోతే? పలుకుబడి ఉన్నవారు ముందుకు పోతూ ఉంటే? దానికీ క్రూజ్ జవాబు ఉన్నది. ఎంత అన్యాయం జరిగినా, క్యూ పూర్తిగా ఖాళీ అయ్యేసరికి అందరి పనీ అయితీరాలి గదా. నలభై నిమిషాలకు వచ్చినవారు మొత్తం 80 మంది, పని అయినవారూ 80 మంది. అక్కడికి క్యూ ఖాళీ. కాబట్టి వరుస తప్పినా 40 నిమిషాలు దాటదు. వరుస పాటిస్తే 20, పాటించకపోతే 40. క్రమశిక్షణ విలువ ఎంతో అంకెల్లో ఇంత స్పష్టంగా చెప్పిన లెక్కలు అరుదు.

రెండు షరతులలో ఏది తీసేసినా ఈ హామీ కూలిపోతుంది. నిమిషానికి ముగ్గురు చొప్పున వస్తూ పోతే క్యూ పెరుగుతూనే ఉంటుంది. ఒక్కసారిగా వచ్చే గుంపుకు హద్దు లేకపోతే నిరీక్షణకూ హద్దు లేదు.

గుంపు ధర ఒక్కసారే

ఒకే కూడలి అయితే ఇంతే. కానీ ప్యాకెట్టు పది కూడళ్లు దాటాలి. అందుకు ఎం.ఐ.టి.లో అభయ్ పరేఖ్, ఆయన గురువు రాబర్ట్ గాలగర్ 1993, 1994లలో ప్రకటించిన రెండు వ్యాసాలు దారి చూపాయి. ప్రతి కూడలిలోనూ ఒక్కో వినియోగదారునికి నిర్ణీత వాటా ఇచ్చి, ఆ వాటా ప్రకారం వంతులు నడిపితే, పంపేవారు కారే బకెట్ నియమానికి లోబడినంతవరకు మొదటి నుంచి చివరి వరకు పట్టే గరిష్ఠ ఆలస్యాన్ని ముందే చెప్పవచ్చునని వారు నిరూపించారు. పక్కవాడు ఎంత గోల చేసినా మన వాటా మనకు వస్తుంది. కాలువ కింద వంతుల వారీ నీటి పద్ధతి తెలిసినవారికి ఇది సొంత ఊరి సంగతిలాగే ఉంటుంది.

ఇందులోనుంచి తేలిన ఒక చక్కని ఫలితాన్ని మళ్లీ కౌంటరు ఉదాహరణతోనే చెబుతాను. ఒకటికి బదులు రెండు కౌంటర్లు: మొదట పుస్తకం సరిచూసేది, తరువాత డబ్బు ఇచ్చేది. రెండూ నిమిషానికి ఇద్దరికి పని చేస్తాయి. కాని ఒక్కో కౌంటరు పని మొదలుపెట్టడంలో 5 నిమిషాల వరకు ఆలస్యం ఉండవచ్చు. విడివిడిగా లెక్క వేస్తే మొదటి దగ్గర 5, 20 కలిపి 25 నిమిషాలు. ఆ 5 నిమిషాల ఆలస్యంలో మరో ఐదుగురు చేరతారు కనుక రెండవ కౌంటరుకు 45 మంది గుంపు రావచ్చుననుకోవాలి. అక్కడ 5, 22న్నర కలిపి 27న్నర. మొత్తం 52న్నర నిమిషాలు.

కానీ రెండు కౌంటర్లనూ ఒకే దారిగా చూసి లెక్క వేస్తే రెండు ఆలస్యాలకు 10, గుంపుకు ఒక్కసారి 20, వెరసి 30 నిమిషాలే. ఎందుకంటే మొదటి కౌంటరు దగ్గరే గుంపు సన్నని వరుసగా మారిపోతుంది. ఒకే గుంపుకు రెండు చోట్లా పూర్తి ధర కట్టనక్కరలేదు. దీన్నే శాస్త్రజ్ఞులు ‘గుంపు ధర ఒక్కసారే’ అన్న సూత్రంగా చెబుతారు.

ఈ లెక్కల వెనుక ఒక వింత బీజగణితం ఉన్నది. అందులో కూడిక బదులు ‘రెండింటిలో చిన్నది’ తీసుకుంటారు, గుణకారం బదులు కూడిక చేస్తారు. తైవాన్‌కు చెందిన చెంగ్ షాంగ్ చాంగ్ 2000లోనూ, స్విట్జర్లాండులోని లొసాన్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన జాన్ ఈవ్ లె బుదెక్, పాట్రిక్ తీరాన్ 2001లోనూ తమ గ్రంథాలలో ఈ శాస్త్రాన్ని ఒక క్రమంలో పెట్టారు. అప్పటికి దానికి ‘నెట్‌వర్క్ కాల్క్యులస్’ అన్న పేరు స్థిరపడింది.

ఇంటర్నెట్టు ఎందుకు అందుకోలేదు?

ఇంత చక్కని శాస్త్రం చేతిలో ఉండగా మన ఇంటి ఇంటర్నెట్టులో వీడియో ఇంకా ఎందుకు ఆగుతుంది? ప్రయత్నం చేయక కాదు. ఆలస్యానికి హద్దు హామీ ఇచ్చే సేవ నిబంధనలను 1997 సెప్టెంబరులోనే ఇంటర్నెట్టు ప్రమాణంగా ప్రకటించారు. కానీ లక్షల మంది వినియోగదారులకు ప్రతి కూడలిలోనూ విడివిడి వాటాలు గుర్తుపెట్టుకోవడం భారమైంది. మధ్యలో ఎన్నో కంపెనీలు, ఒకరి హామీకి మరొకరు పూచీపడాలి. 1998లో వచ్చిన తరువాతి పద్ధతిలో ప్యాకెట్లను కొన్ని తరగతులుగా విడదీసి ప్రాధాన్యం ఇచ్చారు. అంటే పాత ఆర్డినరీ, అర్జెంట్ పద్ధతే మళ్లీ వచ్చిందన్నమాట.

తరగతులుగా గుంపుకట్టినప్పుడు హామీ ఎంత పలచబడుతుందో 2000లో అన్నా చార్నీ, లె బుదెక్ చూపించారు. పది కూడళ్లు దాటవలసి వస్తే, ముందు వచ్చినవారికి ముందు సేవ అన్న పద్ధతిలో వారు ఇచ్చిన హద్దు, సామర్థ్యంలో తొమ్మిదో వంతుకు, అంటే నూటికి సుమారు 11కు లోపు రద్దీ ఉన్నంతవరకే పనిచేస్తుంది. 2007లో మాథ్యూ ఆండ్రూస్ ఇంకా ఆశ్చర్యకరమైన సంగతి నిరూపించారు. దారులు ఒకదాన్నొకటి చుట్టుకున్న కొన్ని నెట్‌వర్కులలో రద్దీ ఎంత తక్కువగా ఉన్నా క్యూలు అంతులేకుండా పెరిగిపోయే అవకాశం ఉన్నది. ‘ముందు వచ్చినవారికి ముందు’ అన్నది ఒక కౌంటరు దగ్గర న్యాయమే. కాని పెద్ద వ్యవస్థలో ఆ ఒక్క న్యాయం చాలదు.

ఆకాశంలో అమలైన హామీ

ఇంటి ఇంటర్నెట్టు అందుకోని ఈ లెక్క మనుషుల ప్రాణాలు ఆధారపడిన చోట ఉపయోగపడింది. పాత విమానాలలో ఒక్కో పరికరం సందేశాలకు ప్రత్యేకంగా తీగ ఉండేది. దాని వేగం సెకనుకు గరిష్ఠంగా లక్ష బిట్లు. పరికరాలు పెరిగేకొద్దీ తీగల బరువూ పెరిగింది. 2005 ఏప్రిల్ 27న మొదటిసారి ఎగిరి, 2007 అక్టోబరులో ప్రయాణికుల సేవలోకి వచ్చిన ఎయిర్‌బస్ ఎ380 విమానంలో, సెకనుకు పది కోట్ల బిట్ల వేగంతో నడిచే ఉమ్మడి నెట్‌వర్కు పెట్టారు. అది ఆఫీసుల్లో వాడే ఈథర్‌నెట్ సాంకేతికతకు చేసిన మార్పే. పేరు ఏఎఫ్‌డీఎక్స్.

ఉమ్మడి తీగ అనగానే పాత ప్రశ్న ఎదురైంది. పైలట్ ఆజ్ఞ తోకభాగానికి చేరడానికి ‘మామూలుగా’ ఎంత పడుతుందంటే కుదరదు. ‘ఎట్టి పరిస్థితిలోనూ ఎంత దాటదు’ అని అధికారులకు రుజువు చూపాలి. ఎన్నిసార్లు నడిపి చూసినా ఆ రుజువు రాదు. అన్ని సందేశాలూ ఒకే క్షణంలో ఒకేచోట ఢీకొనే అరుదైన ఘడియ పరీక్షలో తగలకపోవచ్చు. అందుకే అక్కడ ప్రతి సందేశమార్గానికీ రెండు షరతులు పెట్టారు. ప్యాకెట్టు పొడవు ఇంతకు మించరాదు. రెండు ప్యాకెట్ల మధ్య వ్యవధి కనీసం ఇంత ఉండాలి. ఆ వ్యవధి 1 నుంచి 128 మిల్లీసెకన్ల వరకు, రెట్టింపుల వరుసలో ఉంటుంది. ఇది టర్నర్ బకెట్టే, వేషం మారిందంతే.

ఉదాహరణకు 1518 బైట్ల ప్యాకెట్టు ఆ తీగ ఎక్కడానికి సుమారు 121 మైక్రోసెకన్లు పడుతుంది. అటువంటి 50 మార్గాల ప్యాకెట్లు ఒకే క్షణంలో ఒకే ద్వారం దగ్గర కలిస్తే, చివరిది బయటపడేసరికి సుమారు 6 మిల్లీసెకన్లు. ఇలా ప్రతి ద్వారం దగ్గరా లెక్కగట్టి, మొత్తం దారికి హద్దు తేల్చి, ఎ380 నెట్‌వర్కుకు ధ్రువీకరణ సమయంలో నెట్‌వర్క్ కాల్క్యులస్‌నే ఆధారంగా చూపారు. క్రూజ్ వ్యాసం వెలువడి పదిహేనేళ్లు దాటాక ఆ లెక్కను నమ్మి వందల మంది ఒకే విమానంలో ఎగిరారు.

ఆ తరువాత ఈ పద్ధతి నేలకు కూడా దిగింది. ఫ్యాక్టరీలలోని యంత్రాలకు, వాహనాలకు పనికివచ్చేలా ఈథర్‌నెట్‌కు కాలనియమాలు చేర్చే ప్రమాణాల బృందం 2012లో ప్రస్తుత పేరుతో రూపుదిద్దుకున్నది. పెద్ద నెట్‌వర్కులకు అటువంటి హామీలే తేవడానికి 2015లో మరో బృందం ఏర్పడింది.

ముగింపు

ఈ చరిత్రలో మనం గమనించవలసిన సంగతి ఒకటున్నది. సగటును ఎవరైనా చెప్పవచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. హామీకి మాత్రం ఇద్దరు కావాలి. వచ్చేవారు తమ హద్దులో ఉండాలి, సేవ చేసేవారు తమ వేగం తగ్గనివ్వకూడదు. ఇద్దరిలో ఎవరు తప్పినా లెక్క తప్పుతుంది. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చి, లైఫ్ సర్టిఫికెట్టును ఇంటి దగ్గరినుంచే పంపే వీలు కలిగింది. క్యూ కనబడకుండా పోయిందేగాని మాయం కాలేదు. అది ఆఫీసు వరండా విడిచి తీగల్లోకి, కంప్యూటర్లలోకి మారింది. అక్కడ కూడా ఎవరో ఒకరు కూర్చుని, ఎంతమంది ఒక్కసారిగా వస్తారో, ఎంత వేగంతో పని జరగాలో లెక్క వేయవలసిందే.

‘మామూలుగా పది రోజుల్లో అయిపోతుందండీ’ అని ఇకమీదట ఎవరైనా మీతో అంటే, రెండవ ప్రశ్న కూడా అడగండి. ‘ఎన్నాళ్లు దాటదు?’ ఈ ప్రశ్నలో అనుమానం లేదు, అమర్యాద లేదు. ఎర్లాంగ్ నుంచి క్రూజ్ దాకా ఎనభై ఏళ్లకు పైగా పట్టిన ప్రశ్న అది. దానికి జవాబు ఉన్నదని కూడా ఇప్పుడు మనకు తెలుసు.